తమ్ముడు తెచ్చిన బ్యాటరీ

“ఆక్సిజన్ సిలిండర్ తిప్పావా?”

“తిప్పాను, వస్తోంది. ముందు మీరు పక్కకి జరగండి. ఆవిడకి గాలి తగలనివ్వండి.”

భర్త పక్కకి జరిగాడు. ఎక్కడ నిలబడాలో తెలియక స్విచ్ బోర్డు ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఒక స్విచ్ వేశాడు. తీశాడు. మళ్ళీ వేశాడు.

“కరెంటు లేదని తెలుస్తూనే ఉందిగా. ఊరికే దాన్నెందుకు నొక్కుతారు?” అంది పెద్దకోడలు.

మంచం మీద అత్తగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ముక్కు దగ్గర గొట్టంలోంచి సన్నగా గాలి చప్పుడు వస్తోంది. పెదవుల మీద కమ్మిన నీలిరంగు ఇంకా పూర్తిగా విడలేదు. ఆవిడ వేలికి తగిలించిన క్లిప్పు మీద అంకె మెల్లగా, బద్ధకంగా పైకి ఎక్కుతోంది. అది ఎక్కుతున్నంతసేపూ తను కూడా ఊపిరి బిగబట్టుకునే ఉన్నానని పెద్దకోడలికి తెలియలేదు.

మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం మూగగా నిలబడి ఉంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే ఆ యంత్రానికి కరెంటు కావాలి. కరెంటు పోతే వరండాలో ఉన్న బ్యాటరీ ఆదుకోవాలి. ఈ మధ్యాహ్నం అది టీ మరిగేంతసేపు కూడా ఆదుకోలేదు. కీచుమని నాలుగుసార్లు మొత్తుకుని చల్లారిపోయింది. ఆ సమయంలో పెద్దకోడలు ఇంట్లో ఉండబట్టి సరిపోయింది. బ్లడ్ బ్యాంకులో ఆమెది ఉదయం డ్యూటీ. అదే సాయంత్రం డ్యూటీ అయి ఉంటే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె క్లిప్పు మీద అంకె మళ్ళీ చూస్తోంది.

గేటు చప్పుడైంది. అత్తగారు కళ్ళు తెరిచారు.

“చిన్నోడు,” అన్నారు. కాస్త ఊపిరి కూడదీసుకుని, “వాణ్ణి ఏమీ అనకు,” అన్నారు.

ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశారు. రోజంతా మాట్లాడినా అలసిపోని గొంతు ఆవిడది. ఇప్పుడు ఒక్కో మాటా ఆచితూచి ఖర్చు పెడుతున్నారు. ఉన్న కాస్త ఊపిరినీ చిన్న కొడుకు కోసం ఖర్చు పెట్టడం పెద్దకోడలికి గుచ్చుకుంది.

మరిది చెప్పులు విడవకుండానే లోపలికొచ్చాడు. తన బ్యాటరీల షాపు నుంచి పరుగున వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

“అమ్మకి ఎలా ఉంది?”

“ఇప్పుడు ఫరవాలేదు,” అన్నాడు అన్న.

“హమ్మయ్య. చూడు అన్నయ్యా, బ్యాటరీ తప్పు కాదిది. దాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోశారా? పోసి ఉండరు. ఎప్పటికప్పుడు చూసుకోకపోతే ఏ బ్యాటరీ అయినా...”

“పోశాను,” అంది పెద్దకోడలు. “నువ్వు చెప్పినప్పుడల్లా పోశాను. నువ్వు చెప్పనప్పుడూ పోశాను.”

“అయితే లోడ్ ఎక్కువైంది వదినా. నేను అది పెట్టినప్పుడు ఇంట్లో రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లే ఉన్నాయి. ఈ యంత్రం తర్వాత వచ్చింది కదా.”

“ఆ యంత్రం తెచ్చిన రోజు నువ్వూ ఇక్కడే ఉన్నావు. ప్లగ్గు పెట్టింది నువ్వే. ఇది ఈ బరువు మొయ్యదని అప్పుడెందుకు చెప్పలేదు?”

మరిది అన్న వైపు చూశాడు.

అన్న కోర్టులో స్టెనో. ఇరుపక్షాల మాటలూ పొల్లుపోకుండా రాసుకోవడమే గానీ తనో మాట అనడం ఆ ఉద్యోగంలో లేదు. ఇంట్లోనూ అదే అలవాటైపోయింది.

“ఇంకో సంగతి చెప్పు,” అంది పెద్దకోడలు. “పైన ఎండ మండిపోతోంది. నువ్వు పెట్టిన సోలార్ పలకలు తళతళా మెరుస్తున్నాయి. కింద ఫ్యాన్ కూడా తిరగడం లేదు. ఎందుకని?”

“లైనులో కరెంటు పోతే అవీ ఆగిపోతాయి వదినా. స్తంభం ఎక్కి పనిచేసేవాళ్ళకి షాకు కొట్టకూడదు కదా. లైను లేకపోయినా ఇంటివరకు నడిపే బాక్సు వేరే ఉంటుంది. మనం పెట్టుకోలేదు.”

“మనం పెట్టుకోలేదా, నువ్వు పెట్టలేదా?”

“ఇక ఆపండి,” అన్నాడు భర్త.

కరెంటు వచ్చింది. ఫ్యాన్ కదిలింది. ఫ్రిజ్జు గుర్రుమంది. యంత్రం ఒకసారి కూసి పని మొదలుపెట్టింది. ఎవరూ సంతోషించలేదు. కరెంటు వచ్చింది గనుక ఇక గొడవెందుకని ఇద్దరు అన్నదమ్ములూ ఒకేలా అనుకున్నట్టు వాళ్ళ ముఖాలే చెప్పాయి. అది చూసి పెద్దకోడలికి ఒళ్ళు మండింది.

“రేపు సోలార్ కంపెనీ నుంచి మనిషి వస్తుంది,” అంది. “ఇల్లు చూసి, మనకి ఏది కావాలో చెప్తుంది. నేను ఫోన్ చేసేశాను.”

మరిది ముఖం నల్లబడింది. వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయాడు. వెళ్తూ తల్లి వైపు కూడా చూడలేదు.

*

“నాతో ఒక్క మాట చెప్పి ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయింది?” వంటింట్లో భర్త గొంతు తగ్గించి అడిగాడు.

“చెప్తే ఏమనేవారు?”

“ఆలోచిద్దాం అనేవాణ్ణి.”

“అందుకే చెప్పలేదు.”

అతను గ్లాసులో నీళ్ళు పోసుకున్నాడు. తాగకుండా అలాగే పట్టుకున్నాడు. “వాడికి అదే బతుకుదెరువు. సొంత అన్నే బయటివాళ్ళ దగ్గర బ్యాటరీ కొన్నాడని తెలిస్తే వాడి షాపు మెట్లు ఎవరెక్కుతారు? నువ్వు వాణ్ణి నమ్మడం లేదు, అంతే కదా.”

“మీ తమ్ముణ్ణి నమ్ముతాను. మీ అమ్మ కోసం ప్రాణం పెడతాడు, నాకు తెలుసు. కానీ బ్యాటరీకి చుట్టరికం తెలియదండీ. అది ఎవరింట్లో పెట్టినా ఒకేలా ఆగిపోతుంది.”

“నీకు అన్నీ బ్లడ్ బ్యాంకు లెక్కలే.”

“అవును. అక్కడ ఫ్రిజ్జు ఆగితే రక్తం సంచులు పారేస్తాం. మళ్ళీ ఎవరైనా వచ్చి ఇస్తారు. ఇక్కడ ఆగితే ఏం చేస్తాం?”

అతను ఆ నీళ్ళు సింకులో పారబోసి వెళ్ళిపోయాడు.

మర్నాడు వచ్చిన కంపెనీ అమ్మాయి గట్టిది. మెట్లెక్కి పలకలు చూసింది, వరండా చూసింది, ఆక్సిజన్ యంత్రం వెనకాల వంగి అది ఎంత కరెంటు తింటుందో చూసుకుంది. తర్వాత అత్తగారి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అందరి కంటే ముందు ఆవిణ్ణే అడిగింది.

“అమ్మా, కరెంటు పోయినప్పుడు ఈ ఇంట్లో ఏమేం నడిస్తే చాలు మీకు?”

అత్తగారు యంత్రం వైపు వేలు చూపించారు. కాస్త ఆగి, ఫ్యాన్ వైపు చూపించారు. మరికాస్త ఆగి, టీవీ వైపు చూపించి నవ్వారు.

“టీవీ కూడానా!” కంపెనీ అమ్మాయి నవ్వింది. “సరే, పెడదాం. ఫ్రిజ్జు, గీజర్ మాత్రం ఈ లైనులోకి రానివ్వను. అవి వస్తే మీ ఊపిరి అవి తినేస్తాయి.”

పెద్దకోడలు దగ్గరకొచ్చింది. “లిథియం బ్యాటరీలంటున్నారు. అన్నీ ఒకటేనా?”

“కాదండీ. పెట్టె మీద రాసినంతా మన చేతికి రాదు, అదొకటి. కరెంటు పోయిన క్షణంలో యంత్రం ఆగకుండా మారుతుందా లేదా, అదొకటి. లైను లేకపోయినా ఎండ ఉంటే పలకల నుంచి నిండుతుందా, అది మరొకటి. పాడైతే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు, అదీ అడగాలి.” ఆ అమ్మాయి కొంచెం గొంతు తగ్గించింది. “లోపలున్న సెల్స్ ఎక్కడివో కూడా అడగండి. చవగ్గా దొరికే వాటిలో కొన్ని, పాత కరెంటు బండ్ల బ్యాటరీల్లోంచి తీసినవి ఉంటాయి. పైన పెట్టె కొత్తదే, స్టిక్కరు కొత్తదే. బరువు పడితే వేడెక్కుతాయి, గీతలు ఇంకా ఉండగానే ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఫ్యాన్లకీ లైట్లకీ అయితే ఏదో నడిచిపోతుంది. ఇలాంటి చోట మాత్రం వద్దు. నన్నూ అడగండి, మొహమాటపడకండి.”

“ఎవరో బాగానే పాఠం చెప్తున్నారే!”

గుమ్మంలో మరిది. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. అతని వెనకాల ఆటో ఆగి ఉంది. ఆటోలో కొత్త తెల్లటి పెట్టె, దాని పక్కన ఇంకో చిన్న పెట్టె.

“అమ్మాయిగారూ, మీరు టీ తాగి బయల్దేరండి,” అన్నాడు. గొంతులో మర్యాద ఉంది గానీ కళ్ళల్లో లేదు. “మా ఇంటికి కావలసింది నేను తెచ్చాను. లిథియమే. పలకల నుంచి నిండే బాక్సు కూడా తెచ్చాను. మా అన్నయ్య పైసా ఇవ్వక్కర్లేదు.”

“ఒరేయ్, అంత అవసరం...” అని భర్త లేవబోయాడు.

“అమ్మ నాకూ అమ్మే అన్నయ్యా.”

కంపెనీ అమ్మాయి టీ వద్దని లేచింది. గేటు దాకా వచ్చిన పెద్దకోడలితో, “ఏదైనా పెట్టుకోండి. కానీ ఆవిడ ముక్కుకి తగిలించకముందే ఓసారి మెయిన్ స్విచ్ దించి చూడండి,” అని బండెక్కింది.

లోపలికొచ్చి పెద్దకోడలు నేరుగా అడిగేసింది.

“ఈ పెట్టెలో సెల్స్ ఎక్కడివి?”

మరిది పకపకా నవ్వాడు. “ఆ అమ్మాయి నూరిపోసిందా? వదినా, కన్నతల్లికి పెడుతున్నాను. ఆ మాత్రం ఆలోచించనా?”

“ఎక్కడివో చెప్పలేదు నువ్వు.”

“విన్నావా అన్నయ్యా!” నవ్వు ఆగిపోయింది. “మా అమ్మ దగ్గర నన్ను దొంగలా నిలబెట్టి అడుగుతోంది.”

“ఇక చాలు!” భర్త అరిచాడు. అతను అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. “వాడు పెడతాడు. మనం పెట్టించుకుంటాం. అంతే.”

మంచం మీంచి అత్తగారు ఆమె వైపే చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. పెద్దకోడలు ఆ చూపు ముందు ఓడిపోయింది.

“పెట్టు,” అంది. “కానీ మెయిన్ దించి చూశాకే దీన్ని నమ్ముతాను. ఆదివారం అందరం ఇంట్లో ఉంటాం. అత్తయ్య సిలిండర్ మీద ఉంటారు. యంత్రం ఊరికే నడుస్తుంది. అది ఎంతసేపు నడుస్తుందో కూర్చుని చూద్దాం.”

“చూడు వదినా, తప్పకుండా చూడు,” అన్నాడు మరిది. స్క్రూడ్రైవర్ తీసుకుని వరండాలోకి నడిచాడు.

*

ఆదివారం పొద్దున పెద్దకోడలు సిలిండర్ మంచం పక్కకి జరిపి, దాన్ని తిప్పే తాళంచెవి తన చేతిలోనే పట్టుకుంది. పాత బ్యాటరీ ఉన్నచోట ఇప్పుడు తెల్లటి పెట్టె గోడకి ఆనుకుని ఉంది. దాని మీద ఛార్జి చూపే పచ్చటి గీతలు నిండుగా వెలుగుతున్నాయి. బయట మబ్బు పట్టి ఉంది. పలకల మీద పెద్దగా ఆశ పెట్టుకునే రోజు కాదు. ఒకందుకు అదే మంచిదనుకుంది ఆమె.

“అత్తయ్యా, ఈ గొట్టం తీసి సిలిండర్‌ది పెడతాను,” అంది.

అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు.

“వద్దు.”

“పరీక్ష అయ్యేదాకానే అత్తయ్యా.”

“నా ముక్కుకే... ఉండనీ.” ఆవిడ ఆగి, ఊపిరి తీసుకున్నారు. “వాడు పెట్టాడు. దాని మీదే... ఉంటాను.”

“అమ్మా, అలా వద్దు,” అన్నాడు పెద్దకొడుకు.

“వదిన చెప్పినట్టు చెయ్యమ్మా,” అన్నాడు చిన్నకొడుకు. ఆ మాట మరీ త్వరగా అన్నాడు. “యంత్రం ఊరికే నడిచినా పరీక్ష పరీక్షే కదా.”

“నీ మీద... నాకు నమ్మకంరా,” అన్నారు అత్తగారు. “ఇంట్లో అందరూ... చూడాలి.”

పెద్దకోడలికి అప్పుడర్థమైంది. ఆవిడ ఈ పరీక్ష పెడుతున్నది బ్యాటరీకి కాదు. చిన్నోడి మీద పడ్డ మచ్చ తన ఊపిరి అడ్డుపెట్టి తుడవాలని చూస్తున్నారు.

“నేను ఒప్పుకోను,” అంది.

“ఊపిరి... ఎవరిది?”

పెద్దకోడలు వంగి, సిలిండర్ గొట్టం విప్పి ఆవిడ దిండు మీద పెట్టింది. ఆ మంచం పక్కన నేల మీదే కూర్చుంది. “యంత్రం గొంతు కాస్త మారినా నేనిది తిప్పేస్తాను. అప్పుడు మీరు కాదనకూడదు.”

అత్తగారు తలూపారు.

“దించండి,” అంది భర్తతో.

మెయిన్ దించాడు. టక్.

ఫ్రిజ్జు ఆగింది. ట్యూబులైటు ఒక్కసారి ఆరి వెలిగింది. యంత్రం మాత్రం తడబడలేదు. హుమ్మని అదే గొంతుతో సాగిపోయింది.

“చూశావా వదినా? రెప్ప కూడా వెయ్యలేదు!” అన్నాడు మరిది.

“చూశాను. చాలా బాగుంది,” అంది. నిజంగానే బాగుంది. అంతవరకు బిగుసుకున్న ఆమె భుజాలు కాస్త వదులయ్యాయి. తను మరీ అన్యాయంగా మాట్లాడిందేమోనని కూడా అనిపించింది.

భర్త హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు. చిన్నప్పుడు తమ్ముడు రేడియో విప్పదీసి మళ్ళీ బిగించలేక, దాన్ని గుడ్డలో మూటకట్టి మంచం కింద దాచిన సంగతి చెప్పాడు. అత్తగారు నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని తన గుండె మీద పెట్టుకున్నారు.

వరండాలో మొదటి గీత ఆరింది.

“మొదటిది కాస్త త్వరగానే పోతుంది,” అన్నాడు మరిది. “తర్వాత నిలబడుతుంది.”

ఎవరూ ఏమీ అడగలేదు. అడక్కుండానే చెప్పినందుకు పెద్దకోడలు అతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు.

రెండో గీత కూడా ఆరింది. మరిది నుదుటి మీద చెమట పట్టింది. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అతను ఒక చేత్తో చెమట తుడుచుకున్నాడు. రెండో చెయ్యి తల్లి చేతుల్లో ఉంది. అతని కాలు మాత్రం నేల మీద అదేపనిగా కొట్టుకుంటోంది.

“మంచినీళ్ళు కావాలా?” అడిగింది.

“వద్దు వదినా.”

“పోనీ టీ పెట్టనా?”

“వద్దన్నానుగా!”

భర్త తలెత్తి తమ్ముడి వంక చూశాడు. యంత్రం హుమ్మంటూనే ఉంది. వేలికున్న క్లిప్పు మీద అంకె నిలకడగా ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా గదిలో ఏదో బిగుసుకుంటోంది. కోర్టులో సాక్షి మాట మింగేసినప్పుడు కలం ఆపేసే మనిషిలా భర్త కదలకుండా కూర్చున్నాడు.

అత్తగారికి కునుకు పట్టింది. ముఖం ప్రశాంతంగా ఉంది. చాలా రోజుల తర్వాత, గొట్టం మీద చెయ్యి పెట్టుకోకుండా ఆవిడ నిద్రపోవడం పెద్దకోడలు చూస్తోంది.

మరిది తన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. లేచాడు. చప్పుడు చెయ్యకుండా వరండాలోకి వెళ్ళాడు. పెట్టె ముందు వంగి దాని పక్క మీద అరచెయ్యి ఆనించాడు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత రెండంగల్లో మెయిన్ స్విచ్ దగ్గరికెళ్ళి పైకి ఎత్తేశాడు.

టక్.

ఫ్రిజ్జు గుర్రుమంది.

“అప్పుడే ఎందుకు వేశావురా?” అన్నాడు అన్న, కుర్చీలోంచి లేస్తూ. “ఇంకా గీతలున్నాయిగా?”

మరిది స్విచ్ మీంచి చెయ్యి తియ్యలేదు.

పెద్దకోడలు గుమ్మంలోకి వచ్చింది. ఆమెకి గెలిచినట్టు అనిపించలేదు.

“చక్కగా నడుస్తోంది కదా,” అంది మెల్లగా. “మేమెవరం ఆపమనలేదు. నువ్వెందుకు ఆపావు?”

“అమ్మ నిద్రపోతోంది వదినా,” అన్నాడు. “నిద్రలో... మనకి తెలియకుండా...”

“పెట్టె వేడెక్కిందా?”

అతను గోడ వైపు తిరిగాడు.

“ఒరేయ్, ఇటు చూడు,” అన్నాడు అన్న. “నా ముఖం చూసి చెప్పు. ఆ రోజు మీ వదిన అడిగినదానికి నువ్వు జవాబు చెప్పలేదు. నేనే నిన్ను చెప్పనివ్వలేదు. ఇప్పుడు నేనడుగుతున్నాను.”

“చిన్నోడా.”

ముగ్గురూ ఒకేసారి తిరిగి చూశారు. అత్తగారు మేలుకునే ఉన్నారు. మోచేతుల మీద లేవాలని చూస్తున్నారు. పెద్దకోడలు పరుగున వెళ్ళి ఆవిడ వీపుకి చెయ్యి ఆన్చింది. చేతి కింద ఆ వీపు దడదడా కొట్టుకుంటోంది.

“ఎందుకు... వేశావు?”

“ఇక చాల్లే అమ్మా. చూశారుగా అందరూ.”

“నేను... చూడలేదు.” ఆవిడ కళ్ళు చిన్నకొడుకు మీంచి కదల్లేదు. “దించు.”

“అమ్మా...”

“నా మీద ఒట్టు. మళ్ళీ... దించు.”

మరిది చెయ్యి స్విచ్ మీదే ఉంది. వేళ్ళు తెల్లబడేలా దాన్ని పట్టుకున్నాడు. అన్న చూస్తున్నాడు, వదిన చూస్తోంది, తల్లి ఊపిరి కోసం వెతుక్కుంటూనే అతని వైపు చూస్తోంది.

ఆ చెయ్యి కిందికి దిగలేదు.